‘నల్ అండ్ వాయిడ్’ అని రాసుకున్నంత మాత్రాన అగ్రిమెంటు పోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఇల్లు 40 లక్షలకు అమ్మడానికి ఒప్పుకుని, 4 లక్షలు అడ్వాన్సు తీసుకుని సేల్ అగ్రిమెంటు రాసుకున్నారు. మూడు నెలల్లో మిగతా సొమ్ము ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే ‘ఈ అగ్రిమెంటు నల్ అండ్ వాయిడ్ అవుతుంది, అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు’ అని అందులో ఉంది. గడువు దాటి రెండు నెలలైంది. ఇప్పుడు మరొకరు ఎక్కువ ధర ఇస్తామంటున్నారు. పాత అగ్రిమెంటు పోయినట్టేనా, అడ్వాన్సు ఉంచుకోవచ్చా, అసలు ఈ ‘నల్ అండ్ వాయిడ్’కు చట్టంలో అర్థం ఏమిటి, మిగతా చోట్ల అది ఎలా ఉంటుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. అగ్రిమెంటు దానంతట అది పోలేదు. ఆ వాక్యం మీ చేతికి రద్దు చేసే హక్కునిచ్చింది, అంతే. ఆ హక్కును మీరు వాడుకున్నట్టు అవతలి మనిషికి రాతపూర్వకంగా తెలియజేసేదాకా అగ్రిమెంటు బతికే ఉందని అనుకుని నడుచుకోండి. రెండో మనిషి దగ్గర ఇప్పుడే పైసా తీసుకోవద్దు. అడ్వాన్సు సంగతి వేరు, దాన్ని కింద విడిగా చెబుతాను.

నేను సివిల్ కోర్టుల్లో ఆస్తి దావాలు నడిపే న్యాయవాదిని. నా దగ్గరికి వచ్చే అగ్రిమెంట్లలో ఈ మాట లేనిది అరుదు. దస్తావేజు లేఖరి పాత నమూనాలోంచి దించుతాడు, ఇరుపక్షాలూ అదేదో మంత్రమన్నట్టు నమ్మి సంతకాలు పెడతాయి. ‘నల్’, ‘వాయిడ్’ రెండూ ఒకటే చెబుతాయి: చట్టం దృష్టిలో లేనిది, చెల్లనిది. ఒకే అర్థమున్న రెండు మాటలను జంటగా వాడటం ఇంగ్లండు న్యాయవాదుల పాత అలవాటు, అదే మనకూ వచ్చింది. రెండు మాటలున్నాయి కాబట్టి రెట్టింపు బలం ఉంటుందనుకోవద్దు.

అసలు చిక్కు మరోచోట ఉంది. మన భారత ఒప్పందాల చట్టం, 1872 ‘చెల్లదు’ అనే దాన్ని ఒకే ముద్దగా చూడదు. రెండో సెక్షన్‌లోనే మూడు రకాలుగా విడదీసింది. చట్టం ద్వారా అమలు చేయించలేని ఒడంబడిక మొదటినుంచీ చెల్లనిది. ఒక పక్షం ఇష్టపడితే అమలవుతుంది, వద్దనుకుంటే పోతుంది, రెండో పక్షానికి మాత్రం ఆ వెసులుబాటు ఉండదు, ఇలాంటిది ‘వాయిడబుల్’. అంటే ఒకరి ఇష్టం మీద రద్దయ్యేది. ఇక మొదట నిక్షేపంగా చెల్లిన ఒప్పందం తర్వాత అమలుకు వీల్లేకుండా పోతే, అలా పోయిన క్షణం నుంచి చెల్లనిదవుతుంది.

మీ అగ్రిమెంటు మొదటి రకం కాదు. మీరు మేజరు, ఆయనా మేజరే, ధర ఉంది, ఆస్తి ఉంది, ఎవరినీ ఎవరూ బెదిరించలేదు. అది రాసుకున్న రోజున పూర్తిగా చెల్లింది. మూడో రకమూ కాదు. ఇల్లు కూలిపోలేదు, ప్రభుత్వం సేకరించలేదు. డబ్బు సమయానికి రాకపోవడం ఒప్పందాన్ని అసాధ్యం చేయదు, అది ఒప్పంద ఉల్లంఘన. ఉల్లంఘన జరిగితే ఏమవుతుందో అదే చట్టం 55వ సెక్షన్ చెబుతుంది: గడువు ఒప్పందానికి ప్రాణమైనప్పుడు అవతలివాడు ఆ గడువు తప్పితే, ఒప్పందం ఆ మాట ఎవరికి ఇచ్చారో వారి ఇష్టం మీద రద్దవుతుంది. చూడండి, చట్టం వాడింది ‘వాయిడబుల్’ అనే మాట. మీ లేఖరి రాసింది ‘వాయిడ్’. దావా పడితే కోర్టు చట్టం మాటకే దగ్గరగా చదువుతుంది.

ఎందుకలా చదువుతుంది? మీ వాక్యాన్ని అక్షరాలా తీసుకుంటే ఏమవుతుందో ఊహించండి. కొనే మనిషికి మనసు మారిందనుకుందాం. డబ్బు కట్టకుండా గడువు దాకా కూర్చుంటాడు. ఆ మర్నాడు వచ్చి ‘అగ్రిమెంటు నల్ అండ్ వాయిడ్ అయింది, ఇక నాకు ఏ బాధ్యతా లేదు’ అంటాడు. అంటే తన తప్పునే తాను తప్పించుకునే దారిగా వాడుకున్నట్టు. ఎవరూ తమ తప్పు నుంచి తామే లాభం పొందకూడదన్నది పాత న్యాయసూత్రం. ఇంగ్లండులో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక ఓడ నిర్మాణ ఒప్పందం విషయంలో ఇలాంటి మాటనే పరిశీలించి, తప్పు చేసిన పక్షం దాన్ని ఆసరా చేసుకోలేదని చెప్పింది. నేనూ ఒకసారి ఇలాంటి కొనుగోలుదారుడి మీద అమ్మకందారు తరఫున వాదించాను. ఆస్తి ధరలు పడిపోగానే ఆయనకు ఆ వాక్యం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అది నిలవలేదు.

ఇప్పుడు మీ విషయంలో మరో ముడి. ఇంటి, భూమి అమ్మకాల్లో గడువే ప్రాణమని కోర్టులు ముందుగా అనుకోవు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చాంద్ రాణి కేసులో ఇది స్పష్టం చేసింది: స్థిరాస్తి విషయంలో అలాంటి ఊహ లేదు, కాకపోతే ఒప్పందంలోని మాటలు, ఆస్తి స్వభావం, చుట్టూ ఉన్న పరిస్థితులు చూసి గడువే ప్రాణమని తేల్చవచ్చు. మీ అగ్రిమెంటులోని ‘నల్ అండ్ వాయిడ్’ వాక్యం అక్కడ మీకు కొంత పనికొస్తుంది, గడువును మీరు తేలిగ్గా తీసుకోలేదని చూపడానికి. కానీ అదొక్కటే సరిపోదు. గడువు తర్వాత మీరెలా నడుచుకున్నారన్నది చాలాసార్లు అంతకంటే బరువు తూగుతుంది.

కాబట్టి ముందు మీ ఫోను తీసి చూడండి. గడువు దాటాక ఆయనకు ‘పర్వాలేదు, బ్యాంకు లోను వచ్చాకే ఇవ్వండి’ అని ఏదైనా వాట్సాప్ సందేశం పెట్టారా? ఒక లక్షో, యాభై వేలో ఖాతాలో వేయించుకున్నారా? లింకు డాక్యుమెంట్ల (ఇంటి పాత దస్తావేజుల) నకళ్లు ఆయన బ్యాంకుకు పంపారా? వీటిలో ఏది జరిగినా గడువును మీరే వదులుకున్నారని అవతలి న్యాయవాది వాదిస్తాడు, బలంగానే వాదిస్తాడు. నేను చూసిన ఒక దావాలో అమ్మకందారు గడువు ముగిసిన తర్వాత చిన్న మొత్తం తీసుకుని అగ్రిమెంటు వెనుక చెల్లు రాసిచ్చారు. ఆ ఒక్క సంతకంతో ముందు పేజీలోని నల్, వాయిడ్ రెండూ కాగితానికే పరిమితమయ్యాయి.

మీ వైపు లోపాలు కూడా చూసుకోవాలి. తాకట్టు విడిపించి ఇస్తానని, కొలతలు వేయించి ఇస్తానని, వారసుల చేత సంతకాలు పెట్టిస్తానని అగ్రిమెంటులో మీరు ఒప్పుకుని అది చేయలేదా? అయితే గడువు తప్పింది ఎవరన్న ప్రశ్నే తలకిందులవుతుంది.

ఇవేవీ లేవనుకుందాం. అప్పుడు చేయాల్సింది లీగల్ నోటీసు. ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నామన్న సంగతి అవతలివారికి తెలియజేయాలి, ఎలాగన్నది ఒప్పందాల చట్టం 66వ సెక్షన్‌లో ఉంది. నేనైతే ఇలాంటి సందర్భాల్లో ఏకబిగిన రద్దు నోటీసు పంపను. మీరు రిజిస్ట్రేషన్‌కు సిద్ధంగా ఉన్నారని, పత్రాలన్నీ తయారుగా ఉన్నాయని, ఫలానా తేదీలోగా మిగతా సొమ్ముతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి రావాలని, రాకపోతే ఆ తేదీతో అగ్రిమెంటు రద్దయినట్టేనని రాస్తాను. పదిహేను రోజులో నెలో, సబబైన వ్యవధి ఇస్తాను. గడువు ప్రాణమా కాదా అన్న వాదన ఎటు తిరిగినా, ఈ ఆఖరి అవకాశం ఇచ్చిన అమ్మకందారు కోర్టులో నిలబడే తీరు వేరుగా ఉంటుంది. నోటీసు అందినట్టు రుజువు మిగిలేలా పోస్టులో పంపండి, అదే ప్రతిని వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ పంపండి. ఇచ్చిన తేదీన ఆయన రాకపోతే రద్దు చేశామని రెండో చిన్న నోటీసు ఇవ్వండి.

ఇదంతా చాదస్తంలా అనిపించవచ్చు. అది లేకుండా రెండో వ్యక్తికి అమ్మితే ఏం జరుగుతుందో చూడండి. మొదటి కొనుగోలుదారు అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయడానికి, అందులో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, మూడేళ్ల వ్యవధి ఉంది. నిర్దిష్ట ఉపశమన చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇలాంటి దావాల్లో ‘ఇవ్వాలా వద్దా’ అన్న కోర్టు విచక్షణ బాగా కుదించుకుపోయింది. ఆయన తాను డబ్బుతో సిద్ధంగా ఉన్నానని రుజువు చేసుకోవాలి, అది నిజమే. చేసుకున్నాడంటే మాత్రం మీ రెండో కొనుగోలుదారు కూడా చిక్కుతాడు. పాత అగ్రిమెంటు సంగతి తెలియకుండా, నిజాయితీగా డబ్బిచ్చి కొన్నవాడికే ఆ చట్టం 19వ సెక్షన్‌లో రక్షణ. తెలిసి కొన్నవాడికి లేదు. అగ్రిమెంటు రిజిస్టరై ఉంటే అది ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపిస్తుంది కాబట్టి ‘నాకు తెలియదు’ అనే మాటే ఉండదు. ఇలా ఇరుక్కున్న రెండో కొనుగోలుదారులు నా దగ్గరికి తెచ్చే కాగితాల్లో ‘పాతది నల్ అండ్ వాయిడ్ అయింది’ అని అమ్మకందారు నోటిమాటగా ఇచ్చిన భరోసా తప్ప మరేమీ ఉండదు.

ఇక అడ్వాన్సు. ఇక్కడ మీ వాక్యం మీకే ఎదురు తిరుగుతుంది. నిజంగా ఆ ఒప్పందం నల్ అండ్ వాయిడే అయితే, దాని కింద తీసుకున్నది మీరు తిరిగి ఇచ్చేయాలి! ఒప్పందం చెల్లదని తేలినా, తర్వాత చెల్లకుండా పోయినా, దానివల్ల లాభం పొందినవాడు ఆ లాభాన్ని తిరిగి ఇవ్వాలని ఒప్పందాల చట్టం 65వ సెక్షన్ చెబుతుంది. అడ్వాన్సు ఉంచుకోవాలంటే మీరు చెప్పాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం: ఒప్పందం చెల్లింది, ఆయన దాన్ని ఉల్లంఘించాడు, అందువల్ల రద్దు చేసి జప్తు చేసుకుంటున్నాను అని. ఒకే వాక్యంలో ‘చెల్లదు’, ‘అడ్వాన్సు ఇవ్వను’ అని రెండూ రాసిన లేఖరి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని ఆలోచించి ఉండడు.

జప్తుకూ హద్దుంది. ఒప్పందానికి కట్టుబడి ఉంటానన్న హామీగా ఇచ్చిన బయానా వేరు, ధరలో కొంత భాగంగా చెల్లించిన సొమ్ము వేరు. సుప్రీంకోర్టు 1963లో ఫతే చంద్ కేసులో ఈ తేడాను చూపింది. 1,12,500 రూపాయల బంగళాకు కొనుగోలుదారు 1,000 బయానాగా, 24,000 ధరలో భాగంగా ఇచ్చాడు. మొత్తం 25,000 జప్తు చేస్తామని ఒప్పందంలో ఉంది. వెయ్యి ఉంచుకోవచ్చు, 24,000 విషయంలో ఆ షరతు శిక్ష లాంటిది కాబట్టి 74వ సెక్షన్ ప్రకారం సబబైన నష్టపరిహారమే దక్కుతుందని కోర్టు చెప్పింది. 2012లో సతీష్ బాత్రా కేసులోనూ బయానా స్వభావం ఉన్న సొమ్మునే జప్తు చేయవచ్చని చెప్పింది. మీ 4 లక్షలను అగ్రిమెంటులో ఏ పేరుతో రాశారో చూడండి. ‘బయానా’ అనో, ‘ఒప్పందం నెరవేర్చేందుకు హామీగా’ అనో ఉంటే మీ పక్షం గట్టిది. ‘ధరలో భాగంగా ముట్టినది’ అని మాత్రమే ఉంటే గొడవకు సిద్ధపడాలి. ధరలో పదో వంతే కాబట్టి మొత్తం మరీ విపరీతంగా లేదు, అది మీకు అనుకూలం.

నా అభిప్రాయం అడిగితే, రెండో వ్యక్తి నిజంగానే ఎక్కువ ధర ఇస్తుంటే మీకు నష్టం ఏమీ జరగలేదు. ఆ పరిస్థితిలో అడ్వాన్సులో కొంత భాగమో, మొత్తమో తిరిగిచ్చి, ఇద్దరూ సంతకం పెట్టిన రద్దు పత్రం తీసుకోవడం అన్నిటికన్నా చవక. చాలామంది అమ్మకందారులకు ఈ సలహా నచ్చదు. దావా నడిచినన్నాళ్లూ ఇల్లు అమ్మకానికి పనికిరాకుండా పడి ఉంటుందని చెబితే అప్పుడు లెక్క వేసుకుంటారు. అగ్రిమెంటు రిజిస్టరై ఉంటే ఆ రద్దు పత్రాన్ని కూడా రిజిస్టర్ చేయించండి.

‘నల్ అండ్ వాయిడ్’ అన్న మాట మిగతా చోట్ల ఎలా ఉంటుందని కూడా అడిగారు. ప్రతి చోటా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: చెల్లదని చెప్పే హక్కు ఎవరికి ఉంది, ఎప్పటిదాకా ఉంది?

మైనర్ల ఆస్తిని చూడండి. మైనరే స్వయంగా సంతకం చేస్తే అది మొదటినుంచీ చెల్లదు. 1903లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో చెప్పిన ఈ మాట ఇప్పటికీ పాఠం. అదే మైనరు పేరున ఉన్న స్థలాన్ని తండ్రి కోర్టు అనుమతి లేకుండా అమ్మితే? అందరూ ‘అదీ నల్ అండ్ వాయిడే కదా’ అంటారు. కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం అది ఆ మైనరు ఇష్టం మీద రద్దయ్యే అమ్మకం మాత్రమే. మేజరయ్యాక మూడేళ్లలో కాదనకపోతే నిలబడిపోతుంది. ముప్పై ఏళ్లు దాటాక ‘మా నాన్న అమ్మిన దస్తావేజు ఎలాగూ చెల్లదు కదా’ అంటూ వచ్చేవారికి ఈ తేడా చెప్పడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మైనరు వాటా సంగతి మళ్లీ వేరు, ఇప్పుడు దాని జోలికి వెళ్లను.

మోసంలోనూ ఇలాంటి గీతే ఉంది. తాకట్టు పత్రమని నమ్మించి దాన పత్రం మీద సంతకం పెట్టించారనుకోండి, అది మొదటినుంచీ చెల్లదు. ఆ మనిషి దాన పత్రానికి ఒప్పుకోనే లేదు. దాన పత్రమని తెలిసే సంతకం పెట్టారు, కానీ లోపల చెప్పని ఆస్తులు కూడా చేర్చారు. అప్పుడది రద్దు చేయించుకోదగినది మాత్రమే. 1968లో నింగవ్వ కేసులో సుప్రీంకోర్టు ఇలా విడదీసింది. రెండో రకంలో మోసం తెలిసిన నాటినుంచి మూడేళ్లు దాటనివ్వకూడదు. మొదటి రకమైనా సరే, ‘చెల్లనిదే కదా’ అని ఊరుకోవాలని నేను ఎవరికీ చెప్పను. రిజిస్టరైన పత్రం ఈసీలో నిలబడి ఉన్నంతకాలం లోకం దాన్ని నిజమనే అనుకుంటుంది.

రిజిస్టరైన సేల్ డీడ్‌ను అమ్మినవాడే ఒంటరిగా వెళ్లి రద్దు దస్తావేజుతో కొట్టేయించడం ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలా జరిగింది. 2006లో రిజిస్ట్రేషన్ నియమాల్లో 26వ నియమాన్ని సవరించి, ఇరుపక్షాల సమ్మతో, కోర్టు ఉత్తర్వో ఉండాలన్నారు. మీది ఇంకా అగ్రిమెంటు దశే కాబట్టి ఇది నేరుగా వర్తించదు. ఎందుకు చెప్పానంటే, ‘నేనే రాశాను, నేనే కొట్టేస్తాను’ అనే ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో చూపడానికే.

పెళ్లి విషయం ఒక్క మాటలో. హిందూ వివాహ చట్టం, 1955 కూడా సరిగ్గా ‘నల్ అండ్ వాయిడ్’ అనే మాటే వాడింది, 11వ సెక్షన్‌లో, భార్యో భర్తో బతికి ఉండగా చేసుకున్న రెండో పెళ్లి లాంటివాటికి. 12వ సెక్షన్‌లోని ‘వాయిడబుల్’ పెళ్లిళ్లు కోర్టు రద్దు చేసేదాకా పెళ్లిళ్లే. రెండు రకాల్లోనూ పుట్టిన పిల్లలు చట్టబద్ధ సంతానమేనని 16వ సెక్షన్ చెబుతుంది. అంటే పూర్తిగా ‘లేనిది’ అన్న పెళ్లికి కూడా చట్టం ఒక ఫలితాన్ని ఒప్పుకుంది.

చివరగా, మళ్లీ అగ్రిమెంటు రాసుకోవాల్సి వస్తే ఆ పాత వాక్యం వద్దు. నేను రాయించేది దాదాపు ఇలా ఉంటుంది: ‘గడువు ఈ ఒప్పందానికి ప్రాణం. కొనుగోలుదారు గడువులోగా మిగతా సొమ్ము చెల్లించకపోతే, అమ్మకందారు పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. బయానాగా ఇచ్చిన ఇంత సొమ్మును జప్తు చేసుకోవచ్చు. అంతకు మించి చెల్లించినది ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి.’ దానికి జతగా, అమ్మకందారు వెనక్కి తగ్గితే కొనుగోలుదారుకు ఏమి దక్కుతుందో మరో వాక్యం ఉండాలి. ఒకవైపే కోసే కత్తిని కోర్టులు అనుమానంగా చూస్తాయి.

నోటీసు రాయించే ముందు అగ్రిమెంటు ఆఖరి పేజీలు మరోసారి చదవండి. ఇంటి స్వాధీనం ఆయనకు ఇచ్చినట్టు ఒక్క ముక్క ఉన్నా, తాళాలు ఆయన దగ్గర ఉన్నా, అగ్రిమెంటు కింద స్వాధీనం పొందిన కొనుగోలుదారుకు రక్షణనిచ్చే ఆస్తి బదిలీ చట్టంలోని 53-ఏ సెక్షన్ లెక్కలోకి వస్తుంది, పైన చెప్పినదానిలో చాలావరకు మారుతుంది. అలాంటిదేమైనా ఉంటే నోటీసు ఆపి, మీ ఊళ్లోని సివిల్ న్యాయవాదికి అసలు కాగితాలు చూపించండి.